వంటింట్లోంచి విన్న పాఠం

పప్పులో ఉప్పు వేసిందో లేదో వైదేహికి గుర్తు లేదు. చెవులు రెండూ డైనింగ్ టేబుల్ దగ్గరే ఉన్నాయి. అక్కడ ఆమె భర్త దీపక్ తన మేనకోడలు ఇషితకి ఇంగ్లీషు చెబుతున్నాడు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. ఇషిత తప్పు చెప్పినప్పుడల్లా ఒక ఉదాహరణ ఇస్తున్నాడు, అదీ ఎక్కకపోతే ఇంకొకటి. గరిటె తిప్పుతూ వైదేహి కూడా లోలోపల వల్లించుకుంటోంది. గురువారం ఇషితకి స్కూల్లో పరీక్ష. వైదేహికీ ఆ రోజే పరీక్ష.

ఇషిత దీపక్ అక్క పద్మిని కూతురు. పద్మినీ వాళ్ళు పోయినేడు విజయవాడ నుంచి కెనడా వచ్చి విండ్సర్‌లో ఉద్యోగాల్లో చేరారు. అక్కడ సరైన ఇల్లు కుదిరేదాకా పిల్ల ఏజాక్స్‌లో మేనమామ ఇంట ఉండి చదువుకుంటోంది. వైదేహి చదివేది పెద్దవాళ్ళ కోసం పెట్టిన అడల్ట్ స్కూల్లో. ఈ ఇంగ్లీషు పరీక్ష పాసై క్రెడిట్ వస్తే సెప్టెంబరులో డేకేర్ టీచర్ కోర్సుకి కాలేజీలో సీటు. రాకపోతే ఆ సీటు పోయినట్టే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తనకంటూ కోరుకున్నది అదొక్కటే.

పదహారేళ్ళ పిల్ల మీద అసూయ ఏమిటని తనను తాను తిట్టుకుంటూనే ఉంది. తిట్టుకున్నా అది పోవడం లేదు. నిన్న ఆ పిల్ల టీ అడిగితే వినపడనట్టు మిక్సీ ఆన్ చేసింది. మొన్న ఉప్మాలో జీడిపప్పులన్నీ ఏరి తన ప్లేట్లోకి వేసుకుంది, తినబుద్ధి కాక చివరికి చెత్తలో పారేసింది. దీపక్ ‘తల్లీ’ అన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతోంది. స్కూల్లో చేరిన కొత్తలో తనూ అతన్నే చెప్పమని అడిగింది. రెండు సాయంత్రాలు చెప్పాడు. మూడోనాడు పుస్తకం మూసేసి, ఇది నీకు ఎక్కదులే వైదేహీ, నాకంత ఓపిక లేదు అన్నాడు. వాడు ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాడమ్మా, వాణ్ణి వేపుకు తినకు అని అత్తగారు వీడియో కాల్లో అన్నది. నిజమే కాబోలు, ఓపిక లేని మనిషి, ఆయన స్వభావమే అంత అని వైదేహి సర్దుకుపోయింది. సర్దుకుపోవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే బాగా వచ్చు ఆమెకు.

ఇషిత ఒక వాక్యం చదివింది. బస్సు దిగుతాను అనడానికి గెట్ డౌన్ అంది. వైదేహి చేతిలో గరిటె ఆగిపోయింది. సరిగ్గా ఆ మాటే తను చలికాలంలో బస్సు డ్రైవరుతో అంది. అతను అర్థంకానట్టు చూశాడని ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకుంది. మొగుడు ఆ ముచ్చట స్నేహితుడు వీర్రాజుగారింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో చెప్పాడు, డ్రైవరు మొహం ఎలా పెట్టి ఉంటాడో చేసి చూపించి మరీ. అందరూ విరగబడి నవ్వారు. పులిహోర గిన్నె పట్టుకుని తనూ నవ్వింది. ఇంటికొచ్చాక బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. లైసెన్సు ఉన్నా కారు రోజూ దీపక్ ఆఫీసుకే పోతుంది కాబట్టి బస్సు తప్పదు, కానీ ఆ తర్వాత చాలా రోజులు అందులో నోరు విప్పలేదు.

ఇప్పుడూ నవ్వుతాడని ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, నవ్వాలని కోరుకుంది.

“దానికేం తల్లీ, మనందరం అలాగే అంటాం. తప్పు కాదు, అలవాటు. ఇక్కడ గెట్ ఆఫ్ అంటారు, అంతే. ఇంకోసారి చెప్పు,” అన్నాడు దీపక్.

అంటే ఓపిక ఉంది. ఎంత కావాలంటే అంత ఉంది. తనకి ఇవ్వలేదు, అంతే. ఇన్నాళ్ళూ లేదనుకుని తను సరిపెట్టుకున్నదాన్ని అతను ఇంకొకరికి కొసరి కొసరి వడ్డిస్తున్నాడు. ఇందులో ఆ పిల్ల చేసిన తప్పేముంది? మొదటిసారి వైదేహి అసూయ ఇషితను వదిలి దీపక్ మీదికి మళ్ళింది. అక్కడికి చేరాక దాన్ని అసూయ అనడానికి లేదు. అది కోపం.

సరిగ్గా అప్పుడే దీపక్ కేకేశాడు. గురువారం లీవు పెట్టాననీ, ఇషితను కార్లో తనే దింపి తీసుకొస్తాననీ, మధ్యాహ్నానికి దానికిష్టమైన గుత్తొంకాయ కూర చెయ్యమనీ.

“గురువారం నాకూ పరీక్షే,” అంది వైదేహి. నెల రోజులుగా అతనికి చెబుతూనే ఉంది.

“అవునా? నీదేముంది, మళ్ళీ రాసుకోవచ్చుగా.”

ఇషిత తలెత్తింది. “అత్తయ్యా, నీకూ పరీక్షా? నాకెవరూ చెప్పలేదే.”

వైదేహి స్టవ్ కట్టేసింది. చేతులు తుడుచుకుని వచ్చి దీపక్ కుర్చీ పక్కన నిలబడింది, అతను లేచేదాకా. ఎందుకు లేచాడో అతనికే తెలిసినట్టు లేదు.

“గురువారం కారు నేను తీసుకెళ్తున్నా. నిన్ను మీ స్కూల్ దగ్గర దింపి నా పరీక్షకి పోతా,” అని ఇషితతో చెప్పి ఆ కుర్చీలో కూర్చుంది. “ఇప్పుడు నన్ను అడుగు.”

పిల్ల పేజీ తిప్పి అడిగింది. వైదేహి ఆలోచించి చెప్పింది. తప్పు చెప్పింది. వెనకనుంచి దీపక్ నవ్వు వినిపించింది.

ఆమె తల తిప్పలేదు.

“మళ్ళీ అడుగు,” అంది ఇషితతో.