ఏమీ వెయ్యని మడి

తొమ్మిదింటికి మడిలో ఉండాలంటే నేను నాలుగున్నరకే వంటింట్లో ఉండాలి. ఇడ్లీ ఆమోసుకి, జావ అత్తయ్యకి, మిగిలిందేదో నాకు. మాది చర్చికి వెళ్లే ఇల్లు, మడీ ఆచారం లేవు. అయినా నాకంటూ మూడు మళ్లున్నాయి, హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డు పక్కన, మా పొలంలోనే. వరి మడిలో మిథేన్ అనే గ్యాసు ఎందులోంచి పుడుతుందో పట్టుకునే ప్రాజెక్టు అది. నేనందులో కాంట్రాక్టు ఉద్యోగిని. ఒక మడిలో గడ్డి కలిపి దున్నించాం, ఒకదానికి యూరియా వేశాం, మూడోదానికి ఏమీ వెయ్యలేదు. పోల్చి చూడ్డానికి ఏమీ వెయ్యనిది ఒకటి ఉండాలి.

"మిథేనా, మీదేనా?" అని మొదటిరోజే నవ్వాడు మా ఆయన ఆమోసు. ఐసోటోపులంటే ఎవరికి టోపీ పెట్టడమని ఇంకోరోజు. ఆ జోకులు నేనేస్తే ఎవరూ నవ్వరు. మా ఇంట్లో చమత్కారానికి కూడా పట్టా మగాళ్ల పేరనే ఉంది. ఇరవై రెండేళ్ల కిందట ఈ ఐసోటోపుల మీదే పీహెచ్‌డీ మొదలుపెట్టాను. పెళ్లయ్యాక అది పెసరట్టు, హల్వా, దోసె అయింది. తర్వాత చేద్దువులే అన్నారందరూ. ఆ ‘తర్వాత’ ఏ క్యాలెండర్లోనూ అచ్చుపడలేదు.

మొక్కల మీద అద్దంలాంటి పెట్టె బోర్లించి, సిరంజితో గాలి లాగి, గాజు సీసాలోకి ఎక్కిస్తాను. పెట్టె అరగంట కదలకూడదు. ఆ అరగంట నన్నెవరూ పిలవరు. గట్టు మీద కూర్చుని హైదరాబాద్ ల్యాబ్‌లోని మిషన్‌ని తలుచుకుంటాను. కార్బన్‌లో తేలికదీ బరువుదీ ఉంటాయి, ఐసోటోపులంటే అవే. రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో తూచి, గ్యాసు ఏ మొక్క పెట్టిన తిండిలోంచి పుట్టిందో చెబుతుందా మిషన్. దాన్ని నేను ఫోటోలోనే చూశాను. పెళ్లికొడుకు ఫోటో చూసినప్పుడు కూడా గుండె ఇంతలా కొట్టుకోలేదు. ఈ సార్వా పంట సీసాలు శుభ్రంగా వస్తే మూడు నెలలు ల్యాబ్‌కి పిలిపించి నా చేత్తోనే నడిపిస్తానని ప్రాజెక్టు పెద్ద రామకోటేశ్వరరావు సార్ మాటిచ్చారు.

సెప్టెంబరులో సార్ ఫోన్ చేశారు. ఏమీ వెయ్యని మడి గ్యాసు తేడాగా ఉందట. మైనస్ అరవై రెండు దగ్గరుండాల్సింది మైనస్ యాభై మూడుందట. మైనస్ తగ్గితే బరువు పెరిగినట్టు. ఇది వరికి ఉండకూడనంత బరువు.

"సీసా మూత వదులైందని రాసి సంతకం పెట్టండి దీవెనగారూ. ఆ మడిని లెక్కలోంచి కొట్టేద్దాం."

మరి ల్యాబ్ సంగతేంటని అడిగాను. మూత బిగించడం కుదరనివాళ్లకి మిషన్ ఎలా అప్పగిస్తాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు, మర్యాదగానే.

పెన్ను తీశాను. రాసేసేదాన్నే. పాలు పొంగితే నా పరధ్యానం, సిలిండర్ అయిపోతే నా దుబారా, అత్తయ్య కళ్లజోడు కనపడకపోతే నా సర్దుడు. తప్పు నాదేనని ఒప్పుకోవడం ఈ ఇంట్లో నా రోజువారీ సంతకం. కానీ మూత బిగించిన వేళ్లకి తెలుసు, అది వదులు కాలేదని. మరి బరువు ఎక్కడిది? బరువు కార్బన్ మొక్కజొన్నకి ఉంటుంది. మా వైపు వరి కోశాక వేసేది మొక్కజొన్నే. ఆ చొప్ప తినేది మా గేదెలు.

పొలానికి వెళ్లి మూడో మడి బురదలో చెయ్యి పెట్టాను. పెంట చేతికొచ్చింది.

అత్తయ్య మాణిక్యమ్మ అరుగు మీద గోరుచిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అడిగితే దాచలేదు.

"నాలుగు గంపలు చల్లించానమ్మాయ్. పక్కవి రెండూ ఏపుగా ఉన్నాయి. నీ పేరున్న బోర్డు దగ్గర మడి ఎర్రబారితే, రోడ్డెంట పోయేవాళ్లు నిన్ను కాదా అనేది?"

నా పేరు గురించి ఈ ఇంట్లో ఒకరు దిగులుపడటం అదే మొదటిసారి.

"ఆయనకి తెలుసా అత్తయ్యా?"

"వాడేగా మోసింది."

సాయంత్రం ఆమోసు తల గోక్కున్నాడు. అమ్మ పేరు కాగితాల్లోకి ఎందుకు, మూత వదులైందని రాసెయ్యి, నీకేం పోతుందన్నాడు. ఏం పోతుందో ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ అడగలేదని, ఇప్పుడు కూడా అది అడగడం కాదని అర్థమైంది.

వాళ్లిద్దరి ముందే కూర్చుని రాశాను. మూత బిగుతుగానే ఉంది. మడిలో నాలుగు గంపల పెంట పడింది, మొక్కజొన్న చొప్ప తిన్న గేదెలది. చల్లించింది మాణిక్యమ్మ, మోసింది ఆమోసు, కనిపెట్టింది దీవెన. చదివి వినిపించి సార్‌కి పంపాను.

సార్ చాలాసేపటికి ఫోన్ చేశారు. మడి ఎలాగూ పోయింది గానీ, ఆ సీసాలు మళ్లీ మిషన్‌లో పెట్టి ఈ మాట రుజువు చెయ్యాలి, సోమవారం ల్యాబ్‌కి రాగలరా అన్నారు. ఇంట్లో అడిగి చెబుతానని నోటిదాకా వచ్చింది. వస్తాను సార్ అన్నాను.

జంక్షన్‌లో సంచి బస్సులోకి అందిస్తూ, ఎప్పుడొస్తావు మరి అన్నాడు ఆమోసు, గొంతు తగ్గించి.

"చివరి సీసా తూచాక ఆలోచిస్తానండీ."