గదికో మనిషి

అమెరికాలోని కరొలినా బట్టల మిల్లుల్లో కంపెనీ ఇల్లు ఎప్పటికీ కంపెనీదే. గదికో మనిషి చొప్పున మిల్లులో పని చేస్తేనే అందులో ఉండనిస్తారు. డోవీది మూడు గదుల ఇల్లు. మొగుడు పోయాక ఆమె, కొడుకు క్లైడ్, కూతురు ఆర్లీ, ముగ్గురూ పనిలోనే ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఒక్కరు మంచాన పడ్డా సామాను వీధిలో ఉంటుంది. పక్కింటి లూడీ వాళ్ల పరుపులు వానలో నానడం డోవీ కళ్లారా చూసింది.

అందుకే దగ్గులో నెత్తురు పడ్డప్పుడు ఎవరికీ చెప్పలేదు. మిల్లు ఆడవాళ్లందరిలాగే కింది పెదవిలో పొగాకు పొడి కూరుకుంది. ఆ గోధుమరంగు ఉమ్మిలో ఎరుపు ఎవరు చూడొచ్చారు? రోజంతా ఉమ్ముతూనే ఉంటావేమని మేస్త్రీ ప్రూయిట్ వేళాకోళం చేసి పోయేవాడు.

ఇంట్లో మాత్రం పిచ్చి జాగ్రత్త. తన గ్లాసు వేరు, చెంచా వేరు, పడక వంటగదిలో. మొక్కజొన్న రొట్టె పిల్లలకు తుంచి పెట్టాకే తను ముట్టేది. అయినా ఆర్లీ కనిపెట్టేసింది. పొగాకు పొడి వాసనకే ముఖం చిట్లించే పిల్ల, ఏమీ అడక్కుండా మిల్లులో తల్లి మగ్గాలు సగం తనే చూసుకోసాగింది. ప్రూయిట్ అటు తిరగ్గానే తల్లిని కూర్చోబెట్టేది. ఇలాంటి కూతుర్నిచ్చాడని డోవీ దేవుడికి దణ్ణం పెట్టుకుని మురిసిపోయింది. పాపిష్టి మురిపెం!

పత్తి తీతల కాలం వచ్చింది. ఒకరోజు పనికి బయలుదేరబోతూ ఆర్లీ తల్లి ముందు చెయ్యి చాపింది.

"అమ్మా, నీ పొడి డబ్బా ఇటివ్వు."

"నీకెందుకే? ఛీ ఛీ అనేదానివిగా."

"ఇవ్వమ్మా." ఆర్లీ తలెత్తలేదు.

ఆ పొడి దేన్ని కప్పడానికో డోవీకి తెలిసిపోయింది. గ్లాసు వేరు చేసింది, చెంచా వేరు చేసింది, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను మరిచిపోయింది. అందులో దారం చుట్టిన కండె మార్చినప్పుడల్లా నాడె కన్నానికి పెదవులు ఆనించి దారాన్ని బయటికి పీల్చాలి. నేతపనిలో అందరూ చేసేదే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు? తను పీల్చిన నాడెల్నే ఇన్ని నెలలుగా ఆర్లీ పీలుస్తోంది. నా చేతులతో నేనే దీన్ని చంపుకున్నానని డోవీ గుండె బాదుకోబోయింది. పక్క గదిలో క్లైడ్ బూట్లు వేసుకుంటున్నాడు.

"ఎప్పట్నుంచే?"

"ఎప్పట్నుంచైతే ఏం? తమ్ముడికి చెప్పకు. ఇల్లు పోతుంది."

మిల్లు కూత వేసింది. డోవీ డబ్బా మూత తీసి, కూతురి కింది పెదవి మెల్లగా లాగి, పొడి కనబడకుండా ఎలా కూరుకోవాలో నేర్పింది. తర్వాత ముగ్గురూ పనికి వెళ్లారు.