నాలుగో మూల

మీ పక్కింటివాళ్ళ పేర్లు మీకు తెలుసా? తెలిస్తే సంతోషం. తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు, ఈ నగరంలో మనం చాలామందిమి అదే బాపతు. పొద్దున లేవగానే ఫోనులో రెండు వందల మందికి శుభోదయాలు పంపుతాం. గోడ అవతల రాత్రంతా దగ్గిన మనిషిని మాత్రం ఎలా ఉన్నారని అడగం. ఈ కథ అలాంటి రెండు ఇళ్ళది, ఆ రెంటికీ మధ్య ఒక తాడు కట్టిన సాంబయ్యది.

సాంబయ్య ఉప్పల్ డిపో వెనక బస్తీలో ఉంటాడు. పదహారేళ్ళు లారీల మీద పనిచేశాడు. సరుకు మీద టార్పాలిన్ కప్పి బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ టార్పాలిన్‌నే వాళ్ళు తాటిపత్రి అంటారు. యజమాని లారీ అమ్మేశాక సాంబయ్య బండి దిగాడు గానీ తాడు వదల్లేదు. ఎండాకాలం చివర్లో గాలివానకు ఎవరి ఇంటి రేకులు లేచిపోయినా, కొత్త రేకులు వేసేదాకా ఇల్లు తడవకుండా తాటిపత్రి కట్టిపెట్టడం ఇప్పుడు అతని పని. మనిషి మంచివాడే, నోరే కాస్త ఎక్కువ. చేతులు ముడి వేస్తున్నంతసేపూ నోరు ఊరుకోదు.

మే నెల చివరివారం. ముందురోజు మధ్యాహ్నం వడగళ్ళతో కొట్టిన గాలివాన నాచారంలో సూర్యకళ ఇంటి మీద మూడు రేకులు ఎగరేసుకుపోయింది, ఇంకో రెండు పగలగొట్టింది. తెల్లారగానే ఆమె ఫోను చేసింది. ఎనిమిదింటికల్లా సాంబయ్య తాటిపత్రి మడత భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

మేడ మీద ఆ రేకుల గదే సూర్యకళ బతుకుతెరువు. నాలుగు కరెంటు మిషన్లు, సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు. ఒక ప్రైవేటు బడి పిల్లలకు మూడు వందల జతల యూనిఫారాలు కుడుతోంది. తెల్ల చొక్కాలు, మెరూన్ గౌన్లు. జూన్ పన్నెండున బడి తెరిచేనాటికి అందాలి. కింద ఉన్న రెండు గదుల్లో ఒకటి అద్దెకిచ్చారు, ఇంకోదాంట్లో నలుగురు మనుషులు సర్దుకుని పడుకోవడమే గగనం. మూటలు దించుదామంటే చోటు లేదు, మిషన్లు దించుదామంటే పని ఆగిపోతుంది. భర్త బాలరాజు ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ పోతూ బట్టల మీద దుప్పట్లు కప్పి వెళ్ళాడు.

"నిన్న ఇరవై జతలు తడిసినయి అన్నా. మెరూన్ రంగు దిగి తెల్ల అంగీలకు అంటింది," అంది సూర్యకళ. ఒక చొక్కా విప్పి చూపించింది. కాలరు మీద గులాబీ రంగు మరక. "ఇంకొక్క వాన లోపల పడ్డదంటే నేను బడోళ్ళకు మొహం సూపియ్యలేను. మళ్ళా ఏడాది నన్ను పిలువరు."

"ఫికర్ జెయ్యకు చెల్లె. నేను కట్టినంక చుక్క దిగితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు సాంబయ్య. అంటూనే రేకుల మీద పేర్చి ఉన్న ఇటుకల వంక చూశాడు. "గీ ఇటుకలు ఎవరు పెట్టిన్రు?"

"మా ఆయన. యూట్యూబ్‌ల సూసి పెట్టిండు."

"యూట్యూబ్‌ల రేకులు గట్టిగుంటయేమో. ఇటుక గాలిని ఆపది, కింది రేకును పలగ్గొడ్తది. బాలరాజు వచ్చినంక జర చెప్పు, ఫ్యాక్టరీ పని ఆయన సూసుకోవాలె, తాటిపత్రి పని నేను సూసుకుంట."

దిగులులో ఉండి కూడా సూర్యకళ నవ్వింది.

సాంబయ్య చెప్పులు విప్పి, రేకుల మీద బోల్టుల వరస పట్టుకుని నడిచాడు. బోల్టు ఉన్నచోట కింద పైపు ఉంటుంది, అక్కడ అడుగు వేస్తే రేకు విరగదు. తాటిపత్రి పరిచి, ఒక మూల ముందు పిల్లరు చువ్వలకు, రెండోది పిట్టగోడకు, మూడోది నీళ్ళట్యాంకు దిమ్మెకు బిగించాడు. నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆ మూల సరిగ్గా పక్కింటి వైపు ఉంది. అక్కడ సూర్యకళ గోడ తప్ప ఏమీ లేదు. కింద కిటికీ ఊచలకు కడదామంటే తాడు రేకు అంచుకు ఒరుసుకుని గంటలో తెగుతుంది. ఆరడుగుల సందు దాటితే మాత్రం పక్కింటి డాబా మీద బట్టలారేసే ఇనుప స్తంభం బ్రహ్మాండంగా నిలబడి ఉంది.

"ఆ ఇల్లు ఎవరిది?" అని అడిగాడు.

సూర్యకళ ముఖం మాడ్చుకుంది. "ఎవరో సీతారామయ్య సారట. సైంటిస్టు జేసి రిటైరైండు. మాకు మాటల్లేవు. మూడేండ్లు అయితంది. గీ రేకుల గది మీద మున్సిపాలిటీల కాగితం పెట్టిండు. నోటీసు పట్టుకొని మనిషొచ్చిండు, నెల రోజులు తిరిగిన. ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టేసుకున్న. వేరే దారి సూడన్నా."

"వేరే దారి లేదు. తాటిపత్రికి మూడు మూలలు కట్టి ఒకటి వదిలిపెట్టినమంటే కట్టనట్టే లెక్క. గాలి ఆ ఒక్క మూల దగ్గరనే దూరి మొత్తం లేపుకపోతది."

అంతలో ఆ సీతారామయ్యే చీపురు పట్టుకుని తన డాబా మీదికి వచ్చారు. గాలికి రాలిన ఆకులు ఊడుద్దామని కాబోలు. సాంబయ్య నమస్కారం పెట్టి, తన పేరూ సంగతీ చెప్పి, తాడు కట్టుకోనిమ్మని అడిగాడు. అప్పుడు మొదలైంది అసలు తమాషా. మధ్యలో ఆరడుగుల సందు. ఇటు మాట అటు, అటు మాట ఇటు శుభ్రంగా వినబడుతోంది. అయినా ఇద్దరూ సాంబయ్య ముఖం చూసే మాట్లాడారు.

"చూడు సాంబయ్యా, ఆ రేకుల నీళ్ళు మూడేళ్ళ కిందట సందువైపు ఉన్న మా మెట్ల మీద పడి మా ఆవిడ జారిపడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఎలా ఉన్నారని ఒక్కళ్ళు తొంగి చూడలేదని చెప్పు ఆవిడకి," అన్నారు సీతారామయ్య.

తాడు అందిస్తున్న సూర్యకళ దాన్ని పక్కన పడేసి పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "చెయ్యి ఇరిగిందా? ఎవరికి? అన్నా, దేవుని మీద ఒట్టు, నాకు తెల్వదు. మిషన్ల సప్పుడుకు కోపమొచ్చి కాగితం పెట్టిన్రు అనుకున్న. గట్లనే చెప్పు."

"మిషన్లేమిటి?" అన్నారాయన. "అది అద్దెకిచ్చే గది కాదా?"

"బట్టలు కుట్టే మిషన్లు సార్. మూడేండ్ల సంది మీకు వినబడే సప్పుడు ఏందనుకున్నరు?"

సీతారామయ్య చీపురు కిందికి దించారు. "గ్రైండరు అనుకున్నాను," అన్నారు మెల్లగా. "ఇడ్లీ పిండి అమ్ముతారేమో అనుకున్నాం."

సాంబయ్యకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది. చూరు కింద ఒక్క పైపు ముక్క పెడితే తీరిపోయే గొడవ ఇది. ఆరడుగుల దూరం నుంచి 'అమ్మా, మీ నీళ్ళు మా మెట్ల మీద పడుతున్నాయి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనలేక ఒకరు ఆఫీసుకు కాగితం పట్టుకుపోయారు, అడగలేక ఇంకొకరు ఆఫీసు చుట్టూ తిరిగారు. చదువుకున్న సారుకూ తోచలేదు, గడుసు సూర్యకళకూ తోచలేదు. తన బస్తీలో రెండిళ్ళకు ఒకటే గోడ. పక్కింట్లో కూరలో ఉప్పెక్కువైతే ఈ ఇంట్లో తెలుస్తుంది. అక్కడా పోట్లాటలు లేకపోలేదు, కానీ పొద్దున తిట్టుకుని సాయంత్రం చాయ్‌పత్తా అడుక్కుంటారు.

మెట్ల గది తలుపు దగ్గర ఎప్పటినుంచి నిలబడి వింటోందో, ఆయన భార్య శారదమ్మ ముందుకు వచ్చింది. ఆమె కూడా సాంబయ్యతోనే అంది. "కట్టుకోమను నాయనా. నీళ్ళు మాత్రం మా మెట్ల మీద పడకుండా చూడు."

సాంబయ్య తాటిపత్రి అంచును కాలువలా మడిచి, నీళ్ళు వెనక మోరీలోకి పోయేలా కుట్టాడు. పక్క డాబా ఎక్కి తాడును స్తంభం చుట్టూ తిప్పి, రెండు పేటల మధ్య జానెడు కర్ర దూర్చి మెలేశాడు. కర్ర తిప్పినకొద్దీ తాడు బిగుస్తుంది. లారీవాళ్ళ పద్ధతి.

"గాలి దీన్ని ఎంత బలంతో లాగుతుందో లెక్క వేశావా?" అన్నారు సీతారామయ్య, కళ్ళజోడు సర్దుకుంటూ.

"లెక్కలు నాకు రావు సార్. ఎనభై స్పీడుల లారీ పోతుంటే తాటిపత్రి లేవొద్దు, గదే నా లెక్క. కొత్త తాడు కదా, సాగుతది. పొద్దున ఒకపారి, సాయంత్రం ఒకపారి గీ కర్రను రెండు మెలికలు తిప్పాలె. మూడు ముడులు ఆ చెల్లె సూసుకుంటది. ఇది మీ డాబా మీద ఉన్నది, మీ చేతులనే ఉన్నది."

ఆయన చీపురు అందుకుని మళ్ళీ ఆకులు ఊడవసాగారు. తర్వాత సాంబయ్యతో తన ఇంటి మెట్లు దిగుతూ సూర్యకళ గొణిగింది. "నా మూడు వందల జతలు తీస్కపోయి ఆయన చేతుల పెట్టినవు గదన్నా."

మర్నాడు సాంబయ్య నాగోల్‌లో ఒక ఇంటి మీద ఉన్నాడు. నాలుగు గంటలకు పడమర నల్లగా కమ్ముకొచ్చింది, దుమ్ము లేచింది. సూర్యకళకు ఫోను చేస్తే ఎత్తలేదు. సారు కర్ర తిప్పి ఉంటారా? పెద్దమనిషికి పౌరుషం అడ్డొచ్చి ఉంటే? సాంబయ్య బండి తీశాడు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గరికి వచ్చేసరికి వాన దంచడం మొదలైంది. తడవకుండా ఆగిన బండ్లన్నీ మెట్రో వంతెన కింద రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాయి. అందరినీ బతిమాలుకుంటూ, తిట్లు తింటూ, సందు చేసుకుని నాచారం చేరాడు.

పరుగున మేడెక్కాడు. రేకుల గదిలో ఇద్దరు ఆడవాళ్ళు మూటలను కరుచుకుని కూర్చున్నారు. సూర్యకళ లేదు. తల తిప్పి పక్క డాబా వైపు చూసి సాంబయ్య బిత్తరపోయాడు.

ఇనుప స్తంభం అడుగున సిమెంటు ఊడి, స్తంభం పక్కకు ఒరిగిపోయింది. డెబ్బై ఏళ్ళ సీతారామయ్య తాడును నడుముకు చుట్టుకుని, పిట్టగోడకు కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలి ఉన్నారు. ఆయన వెనక, చెప్పులు కూడా లేకుండా, సూర్యకళ అదే తాడు పట్టుకుని లాగుతోంది. శారదమ్మ రెండు చేతులా ఆ జానెడు కర్రను పొట్టకు అదుముకుని పట్టుకుంది. ముగ్గురూ వానలో ముద్దయిపోయారు. తాటిపత్రి పైన దడదడా కొట్టుకుంటోంది గానీ లేవడం లేదు.

సాంబయ్య మెట్లు దిగి, గేటు తోసుకుని, ఆ డాబా ఎక్కాడు. తాడు అందుకుని మెట్లగది పిల్లరుకు మూడు చుట్లు చుట్టి బిగించాడు. తన ముడి చూసుకున్నాడు గానీ నిన్న స్తంభం మొదలు చూసుకోలేదు. తప్పు తనదే.

"సార్, వదలండి. కట్టిన," అన్నాడు. సీతారామయ్య వేళ్ళు విప్పడానికి రావడం లేదు. సూర్యకళ ఒక్కొక్క వేలే విప్పింది.

వాన వెలిశాక చూస్తే గదిలో చుక్క పడలేదు. నలుగురూ శారదమ్మ హాల్లో తువ్వాళ్ళు కప్పుకుని టీ తాగారు. సూర్యకళ టీ పక్కన పెట్టి శారదమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఇదేనా ఆంటీ, ఇరిగింది?"

"అదే. వాన పడితే కాస్త లాగుతుంది."

"గీ చేతితోని కర్ర పట్టుకున్నరా?" అంటుండగానే ఆమెకు ఏడుపొచ్చేసింది. "అప్పుడు నేను వచ్చి అడగాలె. తప్పు నాదే."

"నేను పిలిచి చెప్పవలసింది. నాదీ ఉంది," అని శారదమ్మ ఆమె తల తుడిచింది. "కొత్త రేకులు వేసేదాకా ఆ మూటలన్నీ ఈ హాల్లో పెట్టుకో."

"మిషన్లు కూడానా?" అన్నారు సీతారామయ్య భయంభయంగా.

"మిషన్లు కూడా. మూడేళ్ళు గ్రైండరనుకుని విన్నారుగా, ఇంకో పదిహేను రోజులు మిషన్లనుకుని వినండి."

అందరికంటే గట్టిగా నవ్వింది సీతారామయ్యే.

జూన్ పన్నెండున, కొత్త రేకులూ చూరు కింద కొత్త పైపూ బిగించాక, సాంబయ్య తాటిపత్రి విప్పడానికి వచ్చాడు. కింద వీధిలో తెల్ల చొక్కాలు, మెరూన్ గౌన్లు వేసుకుని పిల్లలు బడికి పోతున్నారు. సూర్యకళ, శారదమ్మ పిట్టగోడల మీదికి చెరొకవైపు నుంచి వంగి, ఎవరి గౌను ఎలా కుదిరిందో చెప్పుకుంటున్నారు. సాంబయ్య మూడు ముడులు విప్పాడు. నాలుగో ముడి మీద చెయ్యి వేయగానే సీతారామయ్య ఆపారు.

"ఆ తాడు అలాగే ఉండనీ సాంబయ్యా. ఆవలి కొస వాళ్ళ గోడకు ఒక కొక్కెం కొట్టి కట్టెయ్యి. బట్టలారేసుకుంటాం."

"మీ స్తంభానికి కొత్తగా సిమెంటు వేసిన్రు గద సార్. మళ్ళా తాడెందుకు?"

సీతారామయ్య తాడు మీద చెయ్యి వేశారు. "నలభై ఏళ్ళు ప్రయోగశాలలో పనిచేశాను. దేనికి ఎంత బలం కావాలో లెక్కలు కట్టాను. పక్కింట్లో ఏం మోగుతోందో మాత్రం తెలుసుకోలేకపోయాను. ఇల్లు నాది, గోడ నాది, గేటు నాది, ఇంకొకరితో నాకేం పని అనుకున్నాను. నువ్వొచ్చి తాడు కట్టాక గాని తెలియలేదు. గాలివాన వచ్చిననాడు ఏ ఇంటికీ నాలుగు మూలలూ సొంతంగా ఉండవయ్యా. నాలుగోది ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటుంది. దాన్ని వాన రాకముందే కలుపుకోవాలి."