కిలో లోపు

లోవరాజు కార్ఖానా బస్తీలో కిరాణాకొట్టు పెట్టి పదహారేళ్ళయింది. ఆ వీధిలో అతని కాటాకున్న పేరు అతనికి లేదు. నర్సీపట్నం నుంచి వచ్చిన మనిషి, నోరు దురుసు, చెయ్యి ఇంకా దురుసు. తూకం మాత్రం నిక్కచ్చి. అందుకే స్పెషల్ పార్టీ ఎస్సై కామరాజు ఆ చుట్టుపక్కల ఎక్కడ గంజాయి పట్టుకున్నా తూచడానికి లోవరాజునే పిలిపించేవాడు. కాటా, తూకపు రాళ్ళు సంచిలో వేసుకుని జీపెక్కి వెళ్ళి, తూచి, పంచనామా కాగితం కింద సాక్షి సంతకం పెట్టి వచ్చేవాడు లోవరాజు. పోలీసు జీపులో తిరుగుతున్నందుకు పక్క కొట్లవాళ్ళు కుళ్ళుకుంటున్నారని అతని నమ్మకం. నిజానికి వాళ్ళు భయపడేవారు. ఈ రెండింటికీ తేడా కనుక్కునే తీరిక అతనికి ఎప్పుడూ లేకపోయింది.

కొట్టు మీది వాటాలో దేవకృప ఉంటుంది. మిషన్ స్కూల్లో టీచరు, భర్త పోయి ఆరేళ్ళు. ఒక్కడే కొడుకు రోనాల్డ్. వీధికో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. రోనాల్డ్ బేగంపేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో చేరాడు. ఎక్కడో అమెరికా డాక్టర్లు గొణిగిన రోగాలన్నీ చెవుల్లో పెట్టుకుని తెల్లవార్లూ టైపు చెయ్యడం, పగలు పడుకోవడం. పగలు నిద్ర పట్టక గంజాయి మొదలుపెట్టాడు. తలగడ గలీబులో చిన్న పొట్లం తల్లి కంట పడింది.

ఆమె ప్రార్థన చేసింది, ఏడ్చింది, తిండి మానేసింది. కొడుకు మానలేదు. ఆఖరికి కిందికి దిగి వచ్చి లోవరాజు దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"వద్దంటె ఇంటలేడన్నా. పోలీసోళ్ళు మీకు ఎరుకే గదా. ఒక్కసారి వాళ్ళతోని జెర భయపెట్టిపియ్యరాదు?"

ఆ తల్లికి చట్టం సంగతి తెలియదు. పాత చట్టమే ఉండుంటే లోవరాజు ఒప్పుకునేవాడు కాదు. ఆకు దొరికినవాళ్ళు బెయిలు లేక ఎలా కుళ్ళిపోయారో అతనికి తెలుసు. కానీ మొన్నటి అక్టోబరు నుంచి చట్టం మారింది. ఆ ముక్క పేపర్లో రెండుసార్లు చదివి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు పెద్ద కేసే కాదమ్మా. గంజాయి కిలోకి లోపయితే చిన్న సరుకు కిందే లెక్క. సాయంత్రానికి బెయిలు. నాలుగు తగిలించి ఒగ్గేస్తారు, కుర్రోడు దారికొస్తాడు. నా పూచీ."

దెబ్బ మీద అతనికంత గురి. ఊళ్ళో ఉండగా తమ్ముడు దేముడుబాబుని మంచం కోడుకి కట్టి బెల్టుతో ఒళ్ళు చీరేశాడు. తమ్ముడు గంజాయి మానేశాడు, అన్నతో మాటలు కూడా మానేశాడు. లోవరాజు మొదటిది మాత్రమే గుర్తు పెట్టుకున్నాడు. దేవకృప మెట్లెక్కి వెళ్ళగానే కామరాజుకి ఫోను చేశాడు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి కామరాజు జీపు వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు పైకి వెళ్ళి నిద్రలో ఉన్న రోనాల్డ్‌ని జుట్టు పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చుకొచ్చారు. ఒంటి మీద నిక్కరు తప్ప ఏమీ లేదు. మోకాళ్ళు మెట్లకి కొట్టుకుని చీరుకుపోయాయి. కొట్టు పక్కనే ఉన్న గోడౌనులోకి తోసి, షట్టరు సగానికి దించారు. దేవకృప బయట మెట్టు మీద కూర్చుంది. ఆమెని అక్కడే కూర్చోమని లోవరాజు లోపలికి వెళ్ళాడు.

మొదటి చెంపదెబ్బకి లోవరాజు తల ఊపాడు. నిజం చెప్పాలంటే తృప్తిగానే ఊపాడు. రెండోది ముక్కు మీద పడింది. నాలుగోదానికి ఆపుతారనుకున్నాడు. ఆపలేదు. ఒకడు రోనాల్డ్‌ని బియ్యం బస్తాల మీద బోర్లా పడేసి మెడ మీద బూటు పెట్టాడు, ఇంకొకడు అరికాళ్ళ మీద లాఠీతో మొదలుపెట్టాడు. కుర్రాడు మొదట అరిచాడు, తర్వాత అమ్మని పిలిచాడు, ఆ తర్వాత వాంతి చేసుకున్నాడు. వాంతిలో పన్ను పడింది. కామరాజు ఒక బస్తా మీద కూర్చుని ఇదంతా నోట్లో పాన్‌తో చూస్తున్నాడు.

"సార్, సాలండి. బుద్ధొచ్చేసింది," అన్నాడు లోవరాజు.

"బుద్ధి సంగతి నాకెందుకు? నువ్వు కాటా తియ్యి."

యాలకులు, లవంగాలు తూచే చిన్న కాటా తీశాడు. కానిస్టేబులు పైనుంచి తెచ్చిన పొట్లం అందులో వేసి, ముల్లు నిలిచేదాకా చూశాడు. "ముప్పై రెండు గ్రాములండి," అన్నాడు.

కామరాజు నవ్వాడు. కానిస్టేబులు జీపులోంచి పాలిథీన్ సంచి తెచ్చి లోవరాజు కాళ్ళ దగ్గర పడేశాడు. సంచి నిండా గంజాయి.

"ఇది సుత వీనిదే. పెద్ద కాటా మీద కలిపి తూకెయ్యి."

లోవరాజు చిన్న కాటా పక్కన పెట్టాడు. "అదేటండి? కుర్రోడి దగ్గర పొట్లం ఒక్కటే కదండి. కిలో దాటితే పదేళ్ళ దాకా ఏస్తారు."

"గందుకే దాటాలె. కొత్త చట్టం వచ్చినంక చిన్న కేసులకు ఇలువ లేదయ్యా. ముప్పై గ్రాములు పట్టుకపోతే మా పెద్దసారు నా మొహం మీద కొడ్తడు. తూకెయ్యి, సంతకం పెట్టు, పోయి నీ కొట్టు చూస్కో."

షట్టరు కింద నుంచి దేవకృప గొంతు వినబడింది. "అన్నా, ఇగ చాలని చెప్పరాదు?"

కామరాజు వేలు చూపించాడు, జవాబు చెప్పమని. "ఐపోతాదమ్మా, కూకో," అన్నాడు లోవరాజు. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పూచీ అన్నది తనే. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇరవై రెండు. పదేళ్ళంటే వాడి జీవితం మొత్తం.

"నాను తుయ్యనండి," అన్నాడు.

కామరాజు లేచి పాన్ ఉమ్మి, అతని దవడ మీద కొట్టాడు. లోవరాజు కింద పడ్డాడు. కానిస్టేబులు అతని కుడి చెయ్యి గచ్చు మీద పరిచి మణికట్టు తొక్కి పెట్టాడు. రెండో వాడు రెండు కిలోల రాయి తీశాడు. అది లోవరాజు కొట్టులో రాయే. మొదటి దెబ్బకి రెండు వేళ్ళు చితికాయి. రెండోదానికి ఎముక విరిగిన చప్పుడు గోడౌనులో ఉన్న అందరికీ వినిపించింది.

"తూస్తవా?"

"తుయ్యను."

మూడోసారి రాయి లేచేలోగా లోవరాజు కానిస్టేబులు పిక్క కరిచాడు. మనిషిలా కాదు, నోరంతా రక్తమయ్యేలా కరిచాడు. వాడు కెవ్వుమని కాలు తీయగానే దొర్లుకుంటూ షట్టరు కింద నుంచి వీధిలోకి వచ్చి పడ్డాడు. పదహారేళ్ళు గిరాకీని పిలిచిన గొంతు అది. ఒక్కసారిగా ఎత్తాడు.

"ముప్పై రెండు గ్రాములు! రోనాల్డు దగ్గర దొరికింది ముప్పై రెండు గ్రాములే! నా కాటా మీద నానే తూసినాను!"

లాఠీ వీపు మీద పడింది. మళ్ళీ అరిచాడు. భుజం మీద, డొక్కలో, తల మీద పడ్డాయి. పడ్డ ప్రతిసారీ అదే తూకం అరిచాడు. ఇస్త్రీ బండి ఆగింది, టిఫిన్ సెంటరులో ప్లేట్లు వదిలేసి జనం వచ్చారు, బస్సు దిగినవాళ్ళు నిలబడిపోయారు. చూస్తుండగానే పాతిక మంది పోగయ్యారు. ఒక్కడూ అడ్డం రాలేదు, కానీ అందరూ విన్నారు.

కామరాజు బయటికి వచ్చి జనాన్ని చూశాడు. తెలివితక్కువవాడు కాదు. లాఠీలు ఆపించి, ముఖం తుడుచుకున్నాడు.

"సరే. పోరనికి ముప్పై రెండే రాయి," అన్నాడు, జీపు దగ్గర పంచనామా రాస్తున్న స్టేషను రైటరుతో. నేల మీద రక్తంలో పడి ఉన్న లోవరాజు గెలిచాననుకున్నాడు. ఏడుపొచ్చింది.

"మరి లోపల సంచిల సరుకు?" అన్నాడు కామరాజు, అందరికీ వినబడేలా. "అది ఎవని గోడౌన్ల దొరికిందిరా?"

గోడౌను లోవరాజుది. ఎదురుగా పాత సామాన్ల కొట్టు ధర్మరాజుని కాటా తెమ్మన్నారు. ధర్మరాజు తెచ్చాడు. ఇనుము తూచే కాటా మీద సంచి వేసి కిలో రెండు వందల గ్రాములన్నాడు, తల దించుకుని సంతకం పెట్టాడు. లోవరాజు అతన్ని తప్పు పట్టలేకపోయాడు. తను కూడా ఇన్నాళ్ళూ తల ఎత్తకుండానే సంతకాలు పెట్టాడు. ఆ సంచులు ఎవరివని ఒక్కనాడూ అడగలేదు.

ఇద్దరినీ జీపు వెనక ఎక్కించారు. లోవరాజు మంచి చేతికి బేడీ వేసి కడ్డీకి తగిలించారు. దేవకృప చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి జీపు తలుపు పట్టుకుంది. కొడుకు ముఖం చూసి గుర్తుపట్టలేనట్టు నిలబడిపోయింది.

"నాయనా, ఇదంత నేనే..."

"నువ్వింటికెల్లమ్మా!" అని గద్దించాడు లోవరాజు. "వకీల్ని పట్టుకో. కుర్రోడిది చిన్న కేసు, సాయంత్రానికొచ్చేస్తాడు. ఏటీ మాటాడకెల్లు!"

జీపు కదిలింది. రోనాల్డ్‌కి పెదవులు వాచి మాట సరిగా రావడం లేదు.

"అంకుల్, వీళ్ళకు ఎవరు చెప్పిన్రు?"

లోవరాజు చితికిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"నానే సెప్పినాను."

"మమ్మీకి ఎరుకేనా?"

"తెల్దు."

రోనాల్డ్ బేడీలున్న రెండు చేతులూ కలిపి ఎత్తి అతని మూతి మీద కొట్టాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు, ఆపలేదు. ఇంకోటి కొట్టాడు, ఇనుము పళ్ళకి తగిలింది. లోవరాజు ముఖం తిప్పుకోలేదు. నోట్లో రక్తం మింగి, "మీయమ్మకేటీ తెల్దు బావూ," అని మళ్ళీ చెప్పాడు.