చక్రం మీద చెయ్యి

కిటికీ పైన రేకు మీద వాన. టపటపా... ఆగి, మళ్లీ టపటపా.

వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు — ఆమె కుట్టుమిషను.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. కండక్టరైన ఆమె భర్త బస్సు డ్యూటీ దిగి వచ్చి మిషను పక్కన నిలబడేవాడు. ఆమె తిరిగే చక్రం మీద అరచెయ్యి ఆనించేది. మిషను ఆగేది. అంటే — చెప్పండి, వింటున్నాను. ఇక అతను ఆ రోజు బస్సు కబుర్లు అందుకునేవాడు. చిల్లర కోసం కొట్లాడిన ముసలాయన, నిద్రపోయి దిగాల్సిన చోట దిగని పెళ్లికొడుకు. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

పోయిన వానాకాలం అతని మాట ఆగిపోయింది.

డాక్టరు దాన్ని డిప్రెషన్ అన్నాడు. ఆమె జాలిపడింది. ఎన్నిసార్లు చక్రం ఆపిందో.

"ఏమైందండీ? నాతో చెప్పకపోతే ఎవరితో చెప్తారు?"

బెల్లం కొట్టిన రాయి. ముఖం గోడకు తిప్పుకునేవాడు. గోడకున్న పాటి విలువ కూడా తనకు లేదనిపించేది.

జాలి ఎప్పుడు కసిగా మారిందో ఆమెకే తెలియదు. డాక్టరు జబ్బన్నదాన్ని ఆమె పొగరు అంది. రానీ... ఒకరోజు నోరు తెరుచుకుని నా దగ్గరికే వస్తాడు. అప్పుడు చెప్తా.

ఇవాళ వచ్చాడు.

వాన పడుతోంది. ఆమె పరదా అంచు కుడుతోంది. మాసిన గడ్డంతో వచ్చి, పాత చోటే నిలబడ్డాడు.

"ఇదిగో..."

చక్రం తిరుగుతూనే ఉంది.

"బండెక్కాలంటే భయమేస్తోంది. నీకు చెప్దామనే అనుకుంటా... నోరు రావట్లేదు."

విన్నది. ప్రతి మాటా విన్నది. ఇంకా గట్టిగా తొక్కింది. తియ్యగా ఉంది — ఇన్నాళ్ల ఆకలి తీరుతున్నంత తియ్యగా. గోడతో మాట్లాడితే ఎలా ఉంటుందో తెలియనీ. తెలియాలి.

అతను కాసేపు చూశాడు. ఆమె ముఖం వైపు కాదు, చక్రం వైపు.

వెళ్లి పడుకున్నాడు. గోడవైపు తిరిగినట్టు మంచం కిర్రుమంది.

గెలిచింది. పగ తీరింది.

కాలు ఆపి, పరదా ఎత్తి చూసింది. దారం ఎప్పుడో తెగిపోయింది. అంత పొడుగునా ఒక్క కుట్టు పడలేదు — వరసగా సూది బెజ్జాలే.

క్షమించమని ఆమె అడగదు. అడగాల్సింది ఎవరో ఇంకా తేలలేదు.

అయినా... ఆగిన చక్రం మీద అరచెయ్యి ఆనించింది. ఏమండీ, అని పిలవబోయింది.

నోరు రాలేదు.

రేకు మీద వాన. టపటపా... ఆగి —