ప్రార్థనకు బీగమెందుకు

బళ్లారిలో ఆఫీసుల కోసం వీడియో మీటింగు యాప్‌లు తయారుచేయడం నా ఉద్యోగం. తెక్కలకోటలోని మా చర్చి సంఘానికి కూడా, ఇళ్ల నుంచే శుక్రవారం ప్రార్థనలో కలవడానికి, ఒకటి ఉచితంగా చేసిచ్చాను. ఎవరు రావాలన్నా ముందు పేరు కనబడేది, నేను చూసి అనుమతి నొక్కాలి. మా మేనత్త పేరు సామ్రాజ్యం; ఆమెకు అది నచ్చలేదు.

"ఏందప్పా కెన్నెత్, దేవుని ప్రార్థనకు గూడా బీగమా? పాటలన్నీ అయిపోయినాక నన్ను లోపలికి రానిస్తాండావు!" అని అందరి ముందూ దులిపేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అనుమతి తీసేశాను. లింకు నొక్కితే చాలు, ఎవరైనా లోపలే. ముసలివాళ్లంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే ఉబ్బిపోయే రకం నేను.

ప్రార్థన చివర్లో ఎవరి కష్టం వాళ్లు దాచకుండా చెప్పుకోవడం మా సంఘంలో అలవాటు. విన్నవాళ్లు బయట నోరెత్తరు. ఒక శుక్రవారం లోయిస్ మాట్లాడింది. భర్త దెబ్బలకు తాళలేక ఇల్లు వదిలి వచ్చేసిన పిల్ల ఆమె.

"సండూరులో ఇస్కూలు పని దొరికిండాది. ఆయనకు తెలీకుండా ఉండాలని ప్రార్థన చేయండి."

తెర మీద ముఖాల మధ్య, కెమెరా ఆపేసిన, పేరు లేని నల్ల గడి ఒకటి ఉంది. చూశాను. ఎవరో ముసలాయనకు ఫోను చేతకాలేదనుకుని వదిలేశాను.

సోమవారం ఆమె భర్త విజయ్ కుమార్ స్కూలు ముందు నిలబడి బూతులు అందుకున్నాడు. లోయిస్ పని పోయింది. నేను లాగిన్ వివరాలు తీసి చూస్తే, ఆ గడి నంబరు సంఘం పుస్తకంలో ఉన్న అతని నంబరే. ఒకప్పుడు అతనూ మా సంఘంవాడే, లింకు అతని ఫోనుకూ పోతూనే ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్త నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు కదా, తప్పు ఆమె మీదికే పోయింది. ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

"నేను ఎవురికీ చెప్పలేదు నాయనా. నువ్వన్నా నమ్ముతావా?"

"నమ్ముతానత్తా," అన్నాను. వెంటనే ఫోన్ పెట్టేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అనుమతి మళ్లీ పెట్టాను. తరువాతి శుక్రవారం లోయిస్ కూడా వచ్చింది. చివర్లో అత్త గొంతు సవరించుకుంది.

"అందరూ నన్నే అంటాండారు. యాడన్నా నోరు జారినానేమో, వయసైపాయ, నాకే గుర్తులేదేమో. లోయిస్ నన్ను క్షమించాలని ప్రార్థన చేయండి."

ఇక ఉండబట్టలేకపోయాను. "నువ్వు కాదత్తా. అనుమతి తీసేసింది నేను. అతను లోపలికొచ్చి విన్నాడు. ఆ నంబరు నేను సోమవారమే చూశాను."

అత్త ముఖం తెరకు దగ్గరగా జరిపింది.

"నేను ఏడ్చిన దినం గూడా నీకు తెలుసునా?"

తెలుసన్నాను.