ఎండిన చెయ్యి

పెదనాన్న ఇంకా పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు, ఆయన పక్కన నేను ఎంగిలి చేత్తో కూర్చుని ఉన్నాను, మేము కూర్చున్నది పెళ్ళిపందిరో రైల్వే ప్లాట్‌ఫారమో తెలియడం లేదు గానీ విస్తళ్ళ వరుస మాత్రం రెండువైపులా మసకలోకి సాగిపోతోంది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని నాకు గుర్తుంది. ఆ మాట ఎదురుగా అనడం మర్యాద కాదని ఊరుకుంటున్నాను.

కాస్త కదలబోతే పట్టేస్తాడు. "యాడికి లేస్తుండావు మే? పెద్దోళ్ళు తింటా ఉంటే పంక్తిలోంచి లేస్తారా ఎవురన్నా?"

"చెయ్యి ఎండిపోతా ఉంది పెదనాన్నా."

"ఎంగిలిచెయ్యి ఎండబెట్టుకోగూడదు. మంచిది గాదు."

"అయితే లేవనా?"

"లేవగూడదు."

మర్యాదల దగ్గర బతికుండగా ఒక్క మెట్టు దిగని మనిషి, చచ్చాక దిగుతాడా? నాకు ఒళ్ళు మండిపోతోంది, కాళ్ళు తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి, ఆయన కలిపిన ముద్ద నోటిదాకా వెళ్ళి మళ్ళీ విస్తట్లోకే వచ్చేస్తోంది, ఇంతలో పందిరి కాస్తా మా పాత వసారా అయిపోయి, గేటు బయట అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళే జీపు మోత పెడుతూ నిలబడి ఉంది.

"ఆ రోజు కూడా నన్ను లేవనీలేదు నువ్వు," అంటాను. "అమ్మ మళ్ళీ రాలేదు. ఒక్కసారి పరిగెత్తుకెళ్ళి చూసొచ్చేదాన్ని గదా."

పెదనాన్న చెయ్యి ఆగుతుంది. ఆయన వేళ్ళకు కూడా మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయని అప్పుడు చూస్తాను.

"నాకు మాత్రం లేవాలని లేదా మే?" అంటాడు చిన్నగా. "మా నాయన లేస్తే గదా నేను లేచేది. అడుగో, ఆ చివర, తింటానే ఉండాడు. నీకు నేను అడ్డం, నాకు ఆయన అడ్డం. మరి నీ పక్కన కూర్చున్నోళ్ళకు ఎవురు అడ్డం?"

పక్క విస్తట్లోకి చూడకూడదని నేర్పిందీ ఆయనే, ఎంత గింజుకున్నా నా మెడ తిరగదు, ఓరకంట ఒక చిన్న చెయ్యి మాత్రం కనిపిస్తోంది, కదలకుండా. నాకు భయం వేస్తోంది. గేటు బయట జీపు వెళ్ళిపోతోంది.

మెలకువ వచ్చేసరికి మంచం మీద సాయంత్రపు ఎండ పడుతోంది. మధ్యాహ్నం చుట్టాలు భోంచేస్తుండగా మధ్యలో లేవబోయిందని మా ప్రణతిని గదమాయించి, నేను చెప్పేదాకా లేవద్దని కూర్చోబెట్టి, వాళ్ళను సాగనంపి వచ్చి నడుం వాల్చాను. అంతే గుర్తుంది. లేచి పరిగెత్తాను.

భోజనాల బల్ల దగ్గర నా కూతురు కంచం ముందు అలాగే కూర్చుని ఉంది. తల పక్కకు తిప్పకుండానే అడిగింది.

"అమ్మా, చెయ్యి కడుక్కోవచ్చా?"